గడీ ఉన్నోడిదే ఘడీ

(మన చరిత్ర మన నోట: 17వ భాగం)



పోయిన భాగంలో చెప్పులు, గొడుగు గురించి మాట్లాడుకున్నాం. ఊరి నడుమ నుంచి పోయేటప్పుడు మనవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని, గొడుగు ముడిచి పోవాల్సిన రోజుల గురించి. అది చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, చేతి గడియారం సంగతేంది? అది కూడా పెట్టుకోనిచ్చేటోళ్ళు కాదంట కదా?" ఆ ప్రశ్న పట్టుకుని పోతే చేతి గడియారం దగ్గర ఆగలేదు. పట్నం నడిబొడ్డున నిలబడ్డ గడియార స్తంభాల దాకా పోయింది. అందుకే ఈ భాగం గడియారం మీద.

హైదరాబాద్ గడియార స్తంభాల మీద వ్యాసాలకు, ఫొటోలకు కొదవ లేదు. ఎత్తెంత, ఏ శైలిలో కట్టారు, ముల్లు ఆగిపోయి ఎన్నాళ్ళయింది అని రాస్తుంటారు. అవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. నేను ఇంకొక్కటి అడుగుతున్నాను. ఆ గంట ఎవరి కోసం కొట్టింది? ఎవరి రోజును కొలిచింది, ఎవరి రోజును కొలవకుండా వదిలేసింది?

మా కందుకూరులో గడియార స్తంభం లేదు. నల్లగొండకు గడియారం సెంటర్ ఉంది, మహబూబ్‌నగర్‌కు క్లాక్ టవర్ ఉంది, కరీంనగర్‌కు టవర్ సర్కిల్ ఉంది. ఇబ్రహీంపట్నం తాలూకా పల్లెలకు మాత్రం పట్నమే గడియారం. కూలికి, కట్టెలమ్మడానికి, కొలువుకు పట్నం పోయినవాళ్ళే టైం అనే మాటను ఊరికి మోసుకొచ్చారు. కాబట్టి ఈ వ్యాసంలో గడియారాలు పట్నానివి. చూపు మాత్రం శ్రీశైలం రోడ్డు పక్క వాడది.

గడియకు రెండు అర్థాలు

గడియారం అనే మాట గడియ నుంచి వచ్చింది. గడియ, సంస్కృతంలో ఘటిక. నీళ్ళ గిన్నెలో అడుగున సన్నని బెజ్జం ఉన్న చిన్న గిన్నె వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. మన లెక్కలో 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు, ఏడున్నర గడియలకు ఒక జాము, ఎనిమిది జాములకు ఒక రోజు. గిన్నె మునిగినప్పుడల్లా కంచు పళ్ళెం మీద కొట్టి చెప్పేవాళ్ళు. ఆ గిన్నె ఉండేది కోటలో, గుడిలో, దొరతనం ఉన్న చోట. పెళ్ళికి, నాగలి కట్టడానికి, ఇంటికి ముగ్గు పోయడానికి మంచి గడియ ఏదో చెప్పేది పంచాంగం చేతిలో ఉన్న బాపనాయన. ఆయన వాడకు రాడు. వాడలో మాదిగలకు బైండ్లవాళ్ళు, మాలలకు మాలదాసర్లు ఆ పని చేసేవాళ్ళు. అంటే కాలం లెక్కలో కూడా ఊరు వేరు, వాడ వేరు.

తెలుగులో గడియకు ఇంకో అర్థం ఉంది. తలుపు బిగించే గడియ. భాషాశాస్త్రంలో ఈ రెండు మాటలకు చుట్టరికం ఉన్నా లేకపోయినా, మన బతుకులో ఉంది. కాలం ఒకరి చేతిలో ఉంటే అది ఇంకొకరి తలుపుకు గడియే.

తెలంగాణలో దొర ఇంటిని గడీ అంటాం. ఉర్దూలో గడియారాన్ని ఘడీ అంటారు. మా తాతల చెవికి రెండూ ఒకేలా వినిపించి ఉంటాయి. గడీ ఉన్నోడి దగ్గరే ఘడీ ఉండేది.

వాడకు వేరే గడియారం

గడియారం లేదంటే మనవాళ్ళకు కాలం తెలియదని కాదు. మా నాయనమ్మ మాటలు ఒక్కసారి గుర్తు చేసుకుంటాను. ఎగిలివారంగ. సద్ది యాళ్ళ. అంబటాళ్ళ. గొడ్లు మలిగే యాళ్ళ. పొద్దుగూకంగ. దీపాలు పెట్టే యాళ్ళ. సుక్క పొడిసినంక. తెలుగు సాహిత్యం చదివినవాడిగా ఈ మాటలు చూస్తే నాకొకటి కనిపిస్తుంది. ఇందులో సగం ఆకాశం చూసి పెట్టిన పేర్లు, సగం పని చూసి, తిండి చూసి పెట్టిన పేర్లు. సద్ది తినే వేళ, అంబలి తాగే వేళ, గొడ్లు ఇంటికి మళ్ళే వేళ. అంకె ఒక్కటీ లేదు. అయినా ఎవరికీ పొరపాటు పడలేదు.

ఊరికి గడియారంగా బతికింది కూడా మనవాళ్ళే. సర్కారు మాట ఊరికి తెలియాలంటే మాదిగ డప్పు చాటింపు కావాలి. పన్ను కట్టే గడువైనా, జాతర రోజైనా, చావు కబురైనా డప్పు మోగితేనే అందరికీ ఒకే వేళకు తెలిసేది. చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే నీరటి పని చాలా ఊళ్ళలో మాల మాదిగలదే. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. అట్లాంటి చెరువుల కింద వంతుల లెక్క తప్పితే తలలు పగిలేవి. పగలు నీడ చూసి, రాత్రి చుక్క చూసి ఆ లెక్క నిలబెట్టిన నీరటికి సొంత మడి ఉండేది కాదు. ఇతరుల పొలం కోసం కాలం కొలిచినవాడికి తన కాలం తనది కాదు.

వెట్టి అంటే అసలు అర్థం ఇదే. వెట్టిని మనం కూలి ఇవ్వని పని అని చెప్పుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం ఏమంటే, వెట్టికి వేళ లేదు. అమీను వస్తే ఆయన సామాను పక్క ఊరి దాకా మోయాలి, అర్ధరాత్రి అయినా సరే. దొర కబురు పంపితే తింటున్న సద్ది వదిలి లేవాలి. జీతగాడి రోజు ఎగిలివారకముందే కొట్టంలో మొదలై, గొడ్లకు రాత్రి మేత వేసినంక ముగిసేది. కూలి దొంగతనం కంటే ముందు జరిగింది పొద్దు దొంగతనం. దానికి ఎవరి దగ్గరా లెక్క లేదు, ఎందుకంటే లెక్కపెట్టే సాధనం మన చేతిలో లేదు.

నీడే గడియారమైన చోట

కాలానికి, కులానికి ఉన్న సంబంధానికి ఇంతకంటే క్రూరమైన సాక్ష్యం పూనా నుంచి ఉంది. పీష్వాల పాలనలో పూనా కోట వాకిళ్ళలోకి మధ్యాహ్నం 3 గంటల తర్వాత, ఉదయం 9 గంటల లోపు మహర్లను, మాంగులను రానిచ్చేవాళ్ళు కాదని సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే నమోదు చేశాడు. కారణం నీడ. పొద్దున, సాయంత్రం మనిషి నీడ పొడుగ్గా సాగుతుంది. ఆ నీడ బ్రాహ్మణుడి మీద పడితే మైల.

ఒక్కసారి ఆలోచించండి. నేల మీద కర్ర పాతి దాని నీడతో పొద్దు కొలవడం మనిషి కనిపెట్టిన తొలి గడియారాల్లో ఒకటి. పూనాలో ఆ కర్ర అంటరాని మనిషి. అతని నీడ పొడుగును బట్టి ఊరి తలుపు తెరుచుకునేది, మూసుకునేది. మనవాళ్ళకు గడియారం లేదంటారు కదా, ఆ ఊళ్ళో మన ఒళ్ళే గడియారం.

పట్నం గడియారాలు, దాతల పేర్లు

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. చార్మినార్ కట్టింది 1591లో. దాని నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. అంటే దాదాపు మూడు వందల ఏళ్ళు చార్మినార్ గడియారం లేకుండానే నిలబడింది. పట్నానికి ఉన్నట్టుండి గడియారం అవసరం ఎందుకొచ్చింది?

కట్టిన చోట్లు చూస్తే జవాబు దొరుకుతుంది. సుల్తాన్ బజార్ గడియార స్తంభం 1865 నాటిది. అది బ్రిటిష్ రెసిడెన్సీ పక్కన పెరిగిన బజారు. పాతబస్తీలో మహబూబ్ చౌక్ స్తంభాన్ని 1892లో అప్పటి ప్రధాని ఆస్మాన్ జా కట్టించాడు. సికింద్రాబాద్ క్లాక్ టవర్ ఎత్తు 120 అడుగులు. దాన్ని 1897 ఫిబ్రవరి 1న బ్రిటిష్ రెసిడెంట్ ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించాడు. అందులో గడియారం ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. ఫతే మైదాన్ స్తంభాన్ని 1903లో పాయిగా నవాబు జఫర్ జంగ్ కట్టించాడు. నిజామియా అబ్జర్వేటరీకి 1901లో పునాది వేసిందీ ఆయనే. మొజంజాహీ మార్కెట్ గడియారం వీటి తర్వాతిది, 1935 నాటిది.

రెసిడెన్సీ, కంటోన్మెంట్, దేవిడీ, బజారు. గడియారం ఈ నాలుగు చోట్లే దిగింది. దంపుళ్ళ బస్తీలోనో, తోళ్ళు ఊనే చోటనో దిగలేదు. కట్టించినవాళ్ళు నవాబులు, సేఠ్‌లు, ప్రధానులు. దాన్ని దానం అన్నారు. నేను కాదనను. దారిన పోయే ఎవరైనా తల ఎత్తి టైం చూసుకోవచ్చు, పైసా ఇవ్వనక్కర లేదు, కులం అడగరు. అప్పటి మన ఊళ్ళో బావి దగ్గర కూడా లేని సమానత్వం అది. ఇది చిన్న విషయం కాదు.

కానీ దానం ఇచ్చినవాడికి ఏం దక్కిందో కూడా చూడాలి. సికింద్రాబాద్‌కు గడియారం ఇచ్చిన రాంగోపాల్ పేరు మీదే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్స్ వచ్చాయి. డీబీఆర్ అంటే దివాన్ బహదూర్ రాంగోపాల్. మిల్లు నడవాలంటే వందల మంది ఒకే నిమిషానికి గేటు దగ్గర ఉండాలి. ఎగిలివారంగ అంటే కుదరదు. పల్లె నుంచి వచ్చిన కూలికి నిమిషం అంటే ఏంటో ముందు పట్నం నేర్పాలి. గడియార స్తంభం చేసిన పని అది. ఊరి నడుమ నిలబెట్టిన మేస్త్రీ అనుకోండి. కొట్టడు, తిట్టడు, పైనుంచి చూస్తుంటాడు.

పదహారు నిమిషాలు

రైలు ఇంకో పని చేసింది. సికింద్రాబాద్‌ను వాడితో కలిపే రైలు 1874లో నడిచింది. రైలు రాకముందు ప్రతి పట్నానికి తన సొంత మధ్యాహ్నం ఉండేది. సూర్యుడు నడినెత్తికి వస్తే అక్కడ 12. రైళ్ళు అట్లా నడవవు కాబట్టి దక్షిణాదిలో మద్రాసు టైం పట్టుకున్నారు. ఆ తర్వాత 1906 జనవరి 1 నుంచి బ్రిటిష్ ఇండియాకంతా ఒకే టైం వచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం, మన కాకినాడకు దగ్గరగా పోయే గీత.

హైదరాబాద్, కందుకూరు దాదాపు 78.5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. లెక్క వేసుకోండి. గడియారం 12 కొట్టినప్పుడు మా వాడలో పొద్దు నడినెత్తికి రాదు, సగటున ఇంకో 16 నిమిషాలు పడుతుంది. ఈ 16 నిమిషాల వల్ల ఎవరి బతుకూ పాడు కాలేదు. నేను చెప్పదలిచింది వేరు. టైం అనేది ఆకాశం నుంచి రాలిపడదు. ఒక కార్యాలయంలో కూర్చుని కొందరు నిర్ణయిస్తారు. మనుషులు నిర్ణయించింది కాబట్టి మనుషులు దాని గురించి కొట్లాడవచ్చు. ముహూర్తంతో కొట్లాడలేం, దాన్ని దేవుడి పేరు మీద రాశారు. పని గంటలతో కొట్లాడవచ్చు. వలస పాలన మనకు మేలు చేయాలని గడియారం తేలేదు, కానీ గడియారం వచ్చాకే పొద్దు దొంగతనానికి లెక్క దొరికింది.

గంట కింద మనవాళ్ళు

ఆ లెక్క నేర్చుకున్న తొలి తరం ఎవరు? సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, పట్నంలో దొరల ఇళ్ళలో వంటవాళ్ళుగా, బట్లర్లుగా, ఆయాలుగా పనికి కుదిరిన మాల మాదిగలు. టీ ఎన్ని గంటలకు, స్నానం నీళ్ళు ఎన్ని గంటలకు అని ఆ కొలువులో రోజు ముక్కలయ్యేది. దాస్యమే, కానీ వేళ ఉన్న దాస్యం. నెలకు జీతం ఉన్న దాస్యం. వేళ ఉన్న చోట వేళ తర్వాత కొంత మిగులుతుంది. ఆ మిగిలిన కాలంలోనే మన ఉద్యమం పుట్టింది.

భాగ్యరెడ్డి వర్మను చూడండి. 1888లో పుట్టిన మాదరి భాగయ్య. చిన్నతనంలో డాస్ శాంటోస్ అనే బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఇసామియా బజార్లో మన పిల్లలకు బడి తెరిచాడు. అక్కడి నుంచి సుల్తాన్ బజార్ గడియారం నడిచిపోయేంత దూరం. 1930లు వచ్చేసరికి ఆ బడులు 26 అయ్యాయి, రెండున్నర వేల మంది పిల్లలు చదివారు.

బడి అంటే పలక, బలపం అనుకుంటాం. బడి అంటే ముందు గంట. ఫలానా వేళకు ఈ పిల్ల దొర కొట్టంలో ఉండదు, ఇక్కడ ఉంటుంది అని చెప్పే గంట. జీతానికి పెట్టిన పిల్లవాడిని బడికి పంపడమంటే దొర దగ్గర నుంచి రోజుకు ఐదారు గంటలు గుంజుకోవడం. మన పిల్లల బడుల మీద ఊళ్ళలో అంత పగ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అక్షరం మీద కోపం ఒకటైతే, పొద్దు చేజారుతున్న కోపం ఇంకొకటి.

మన పాత తరం సర్టిఫికెట్లు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మా నాయన పుట్టింది జూలై 1. మా చిన్నాయన పుట్టింది జూలై 1. మేనమామది జూన్ 1. బడిలో పేరు రాసుకున్న పంతులు వేసిన తేదీలు అవి. నాయనమ్మను అడిగితే "రజాకార్లు పోయినంక రెండు కోతలకు" అని చెప్పేది. ఆమె లెక్క నిజం, సర్టిఫికెట్ లెక్క అబద్ధం. పెన్షన్ వచ్చింది మాత్రం సర్టిఫికెట్ లెక్కకు.

ఆ తమ్ముడు అడిగిన చేతి గడియారం సంగతి ఇక్కడ చెప్పాలి. మా పెదనాయన పట్నంలో తాపీ పనికి పోయి, డెబ్బైల్లో ఒక పాత హెచ్ఎంటీ వాచి కొన్నాడు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు బొడ్రాయి దగ్గర చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాడు, వాచి కనబడకుండా. ఒకరోజు పటేలు చూడనే చూశాడు. కొట్టలేదు, గుంజుకోలేదు. ఒక్కటే అడిగాడంట: "ఏందిరా, నీకు టైం తోటి ఏం పని?" పెదనాయన ఆ మాట చచ్చేదాకా మరిచిపోలేదు. కులం కాలం గురించి రాసిన పుస్తకాలు నేను చాలా చదివాను. ఆ ప్రశ్నలో ఉన్నంత విషయం ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

బొమ్మ కమ్మరి

సాలార్‌జంగ్ మ్యూజియం పోయినవాళ్ళందరూ సంగీత గడియారం చూసే ఉంటారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట కొట్టే వేళకు గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట మోగిస్తుంది. దాని కోసం జనం గుంపుగా కూర్చుంటారు, ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. పక్కనే ఇంకో బొమ్మ ఉంది. కమ్మరి. సుత్తె ఎత్తి క్షణం క్షణం కొడుతూనే ఉంటాడు. గంటకోసారి వచ్చి పోయేవాడికి చప్పట్లు, క్షణక్షణం కొట్టేవాడి మీద చూపు నిలవదు. ఈసారి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఆ కమ్మరిని చూపించండి.

నలభై ఎనిమిది గంటలు

ఏప్రిల్ 14 వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతుంది. రోజుకు 14 గంటల పనిని బాబాసాహెబ్ ఒక్క కలం పోటుతో 8 గంటలు చేశారని. విద్యార్థులు కచ్చితమైన లెక్క దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే ఎదుటివాడు తప్పు పట్టడానికి కాచుకుని ఉంటాడు. అసలు లెక్క కూడా తక్కువదేం కాదు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్. 1934 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు పని చేయించుకోవచ్చు. ఆయన తెచ్చిన సవరణతో 1946లో అది రోజుకు 9, వారానికి 48 అయింది. ఆరు రోజులకు పంచితే రోజుకు 8. గడియారాన్ని మేస్త్రీ చేతి నుంచి కూలి చేతికి మార్చిన చట్టం అది. పూనా వాకిలి దగ్గర ఎవరి నీడను కొలిచారో ఆ మహర్ల బిడ్డ, దేశం పని గంటలను కొలిచాడు. చరిత్రలో ఇంతకంటే పెద్ద జవాబు ఉంటుందా?

కానీ ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది. మనలో ఎక్కువ మంది ఉన్నది పొలంలో, కొట్టంలో. వాళ్ళకు 48 గంటలు రాలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశానికంతటికీ వచ్చింది 1976లో. అంటే మిల్లు కూలికి గంటల లెక్క తగ్గిన ముప్పై ఏళ్ళకు జీతగాడికి విడుదల కాగితం వచ్చింది.

కోర్టు గడియారం

చుండూరు మరిచిపోకూడదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, చంపిన కచ్చితమైన వేళను ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని.

కత్తులు పట్టుకుని తరుముతుంటే పొలాల గుండా పరుగెత్తినవాళ్ళను, అప్పుడు ఎన్ని గంటలైంది అని అడిగారు. తరతరాలుగా "నీకు టైం తోటి ఏం పని" అన్న వ్యవస్థే, బోనులో నిలబెట్టి టైం చెప్పమంది. హత్యకు, హైకోర్టు తీర్పుకు మధ్య దాదాపు 23 ఏళ్ళు పోయాయి. ఆ ఆలస్యానికి మాత్రం ఎవరూ నిమిషాల లెక్క అడగలేదు.

ఇప్పటి స్తంభం జేబులో ఉంది

సికింద్రాబాద్ క్లాక్ టవర్ కింద ఇప్పుడు ఎవరూ టైం కోసం తల ఎత్తరు. గడియారం జేబులోకి వచ్చింది. మేస్త్రీ కూడా దానితోపాటే వచ్చాడు.

ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు, చెప్పిన వేళకు ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే తవ్విన మట్టి కళ్ళ ముందే ఉన్నా హాజరు పోతుంది. పట్నంలో తెల్లారకముందే చీపురు పట్టే సఫాయి కార్మికుల్లో ఎక్కువ మంది మనవాళ్ళే, వాళ్ళ వేలిముద్రకూ ముఖానికీ హాజరు యంత్రం ఉంది. డెలివరీ బండి మీద పోయే మన డిగ్రీ పిల్లల ఫోన్లో నిమిషాలు తగ్గుతుంటాయి. వెట్టిలో వేళ లేదు. ఇప్పుడు క్షణానికి కూడా వేళ ఉంది, కానీ ఆ గడియారం ముల్లు మళ్ళీ మన చేతిలో లేదు.

2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి 48 గంటలు మించితే ఓవర్‌టైం ఇవ్వాలని. వ్యాపారం సులువు కావడానికట. కాగితం మీద 48 అట్లాగే ఉందని మనకు నచ్చజెప్తారు. కాంట్రాక్టు కింద హౌస్‌కీపింగ్ చేసే అక్కను, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నను అడగండి, ఓవర్‌టైం రిజిస్టర్ ఎప్పుడైనా కళ్ళతో చూశారా అని.

ఈ సంగతి కందుకూరు వాళ్ళకు ఇంకా దగ్గరిది. ఫార్మాసిటీ పేరుతో ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు భూములు తీసుకున్నారు. ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. తీసుకున్న వాటిలో మనవాళ్ళ అసైన్డ్ భూములున్నాయి. ఫ్యూచర్ అంటే రేపు. రేపటి పేరు మీద కట్టే పట్నంలో రేపు మన పిల్లలు ఎక్కడ ఉంటారు? భూమి ఉన్నప్పుడు పొద్దు మనదో కాదో గాని పొలం మనది. భూమి పోయాక మనకు మిగిలే ఆస్తి రోజుకు 24 గంటలే. వాటి ధర ఎవరు నిర్ణయిస్తారన్నదే రాబోయే పదేళ్ళ కొట్లాట.

హుస్సేన్‌సాగర్ పక్కన 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టారు. సికింద్రాబాద్ క్లాక్ టవర్ కంటే ఐదు అడుగులు ఎత్తు, కింది పీఠం లెక్క వేరే. సంతోషమే. అయితే బొమ్మ ఎత్తు పెంచి, ఆ మనిషి తగ్గించిన పని గంటలను పెంచితే దాన్ని గౌరవం అనలేం.

విద్యార్థి మిత్రులకు రెండు పనులు చెప్తాను. మొదటిది, ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర కూర్చుని పొద్దుకు వాళ్ళు వాడే మాటలన్నీ రాసుకోండి. ఏ ఊరు, ఏ వాడ, ఏ పని చేసేటప్పుడు ఆ మాట వాడేవాళ్ళో కూడా రాయండి. ఆ మాటలు పోతే మన రోజు ఎట్లా గడిచిందో చెప్పే సాక్ష్యమే పోతుంది. రెండోది, మీ ఇంట్లో కూలికో కొలువుకో పోయేవాళ్ళ పని గంటలు ఒక నెల పాటు నోటుబుక్కులో రాయండి. ఇల్లు విడిచిన వేళ, పని మొదలైన వేళ, దిగిన వేళ, చేతికొచ్చిన డబ్బు. నలుగురు రాస్తే అది డైరీ. నలభై మంది రాస్తే లేబర్ ఆఫీసు బల్ల మీద పెట్టదగిన కాగితం.

నీకు టైం తోటి ఏం పని అని ఇంకెవరన్నా అడిగితే ఆ నోటుబుక్కు చూపిద్దాం.

వచ్చే భాగంలో సైకిల్ గురించి.

జై భీమ్.